గోశబ్దమున కర్థమేది?

గోవన నేమి యని పల్లెబాలు నడిగినచో నాతడు పెరటిలో కట్టివేసిన పశువును వ్రేలితో చూపును; అంతటితో ప్రశ్న తీరినదని మనమందఱమును తలతుము. కాని యీ దేశమున వైయాకరణులును, యాజ్ఞికులును, తార్కికులును, బౌద్ధాచార్యులును, ఆలంకారికులును రెండువేల యేండ్లకు పైబడి యా యొక్క మాటనే యెదుట నుంచుకొని, బాలుడు చూపిన పశువే దాని కర్థమా, లోకమందలి సమస్తగోవులలోను ఒక్కటియై యుండు గోత్వమా, గంగడోలును మూపురమును గిట్టలును కొమ్ములును గల యాకారమా, లేక యివేవియు గాక గోవు కానిదానిని తొలగించుట మాత్రమేనా యని యెడతెగక వాదించిరి. ఉదాహరణము మారలేదు, వాదించువారు మారిరి, వారితోపాటు సమాధానమును మారినది.

ఈ వివాదమును తీరిక గల పండితుల వాగ్విలాసముగా త్రోసివేయుట సులభము. పదమునకును వస్తువునకును గల సంబంధమును గూర్చిన విచారము ఐరోపాఖండమున 19వ శతాబ్దాంతమున పుట్టినదని నమ్ముటయు నంత సులభమే. పూర్వగ్రంథములను వరుసగా చూచినచో ఈ రెండూహలును నిలువవు. మన శాస్త్రకారులలో నెవ్వరును 'అర్థమనగా నేమి' యని యూరక కూర్చుండి యాలోచించినవారు కారు. ఒక్కొక్క శాస్త్రమును తన నిత్యకృత్యము సాగక యడ్డుపడినచోట ఈ ప్రశ్నను లేవనెత్తినది. ఆ యడ్డు తొలగుటకు ఎంతటి సమాధానము కావలెనో యంతటిదానిని నిర్మించుకొన్నది. అందుచేత శబ్దార్థసిద్ధాంతముల చరిత్రను మాటతో పనిగల వృత్తుల చరిత్రగా చదువుట యుక్తము.

మొదట నడ్డుపడినవారు వైయాకరణులు. పాణిని యష్టాధ్యాయిలో, సమానరూపము గల పదములు పెక్కు కలిసివచ్చినప్పుడు వానిలో నొక్కటియే మిగులునని విధించు సూత్ర మొకటి కలదు. రెండు చెట్లను చెప్పవలసినప్పుడు వృక్షశబ్దమును రెండుమార్లు పలుకక, ఒక్కమారు పలికి ద్వివచనప్రత్యయము చేర్చుటకు ఆధారమైన యేకశేషసూత్రమిది. పదము ఒక్కొక్క వ్యక్తినే చెప్పునదైనచో రెండు చెట్లకు రెండు పదములు కావలసియుండును గనుక, వానిలో నొకదానిని తొలగించుటకు సూత్రము తప్పదు; పదము చెట్లన్నిటికిని సమానమైన యాకృతిని చెప్పునదైనచో నొక్కపదమే యన్నిటికి చాలును గనుక, ఆ సూత్రముతో పనియే లేదు. ఇట్లొక చిన్న వ్యాకరణకార్యము నెపమున పెద్దప్రశ్న తలయెత్తినది. క్రీస్తుపూర్వము 3వ శతాబ్ది ప్రాంతమువాడగు కాత్యాయనుడు తన వార్తికములలో ఈ సందర్భముననే యిద్దఱు ప్రాచీనుల మతముల నుదాహరించెను: పదమునకు ఆకృతియే యర్థమని వాజప్యాయనుడును, ద్రవ్యమే యర్థమని వ్యాడియు చెప్పిరట. వ్యాడి రచించిన 'సంగ్రహము' లక్షశ్లోకపరిమితమైన మహాగ్రంథమని ప్రతీతి, అది నశించినది. ఈ వివాదమే లేకున్నచో వాజప్యాయనుని పేరు నేడు తలచువా రుండరు.

క్రీస్తుపూర్వము 2వ శతాబ్దిలో మహాభాష్యమును రచించిన పతంజలి యీ యిద్దఱిలో నెవ్వరిని గెలిపింపలేదు. జాతిని చెప్పునప్పుడు ఏకవచనమునకు బదులు బహువచనమును గూడ వాడవచ్చునని పాణినియే మఱియొకచోట విధించెను. యవము పండినదనినను యవములు పండినవనినను దోషము లేకుండుట దాని ఫలము. ఒక సూత్రము ఆకృతిపక్షమున గాని పొసగదు. మఱియొకటి ద్రవ్యపక్షమున గాని పొసగదు. కాబట్టి ఆచార్యునకు రెండును సమ్మతములే యని పతంజలి తీర్పు. ఇది నిర్ణయము చేయలేక తప్పించుకొనుట కాదు. వైయాకరణునకు కావలసినది ప్రయోగనిర్వాహము. ఏ ప్రయోగమున కే పక్షము పనికివచ్చునో యా పక్షము నక్కడ వాడుకొనుట యతని వృత్తిధర్మము. శబ్దార్థసంబంధము నెవరు కల్పించిరన్న ప్రశ్నకును పతంజలి యిదే ధోరణిలో బదులు చెప్పెను. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోయి కుండ చేసి యిమ్మని యడుగును గాని, మాటలు వాడదలచినవాడు వైయాకరణుని యింటికి పోయి మాటలు చేసి యిమ్మని యడుగడు గదా యని యాయన చమత్కరించెను. మాటలను సృష్టించుట వ్యాకరణము పని కాదు. లోకమున సిద్ధముగా నున్నవానిలో సాధువులను వేఱుపఱచి చూపుటయే దాని పని. ఆ పనికి సంబంధము ముందే సిద్ధమై యున్నదని యొప్పుకొనిన చాలును. అది యెట్లు సిద్ధించినదో త్రవ్వి చూడనక్కఱలేదు.

యాజ్ఞికుల కట్లు చాలలేదు. వేదవాక్యమును విని కర్మ నాచరించువానికి, ఆ వాక్యము చెప్పిన వస్తువేదో తేలనిదే చేయి కదలదు. వ్రీహులను ప్రోక్షింపవలెనని విధి యున్నప్పుడు, నీళ్లు చల్లవలసినది యెదుట నున్న ధాన్యముపైననే గాని, వ్రీహిత్వమను జాతిపై నీళ్లు చల్లుట యెట్లు? యజ్ఞమునకై సంస్కరించిన పశువు పాఱిపోయినచో అదే వర్ణమును అదే వయస్సును గల మఱియొకదానిని తేవలెనని విధి చెప్పుచుండగా, పదమునకు జాతియే యర్థమైనచో, ఆ జాతి రెండింటను ఒక్కటియే యైయుండ, 'మఱియొకటి' యనుట కవకాశమేది? ఇవి వ్యక్తిపక్షమువారి ప్రశ్నలు. జైమినిసూత్రములకు భాష్యము వ్రాసిన శబరస్వామి వీనిని దాచక యుపన్యసించి, పిదప వానికెదురుగా డేగయాకారమున ఇటుకలతో పేర్చు యజ్ఞవేదిని నిలిపెను. శ్యేనమును చయనము చేయవలెనని విధి. ప్రాణముతో నెగురు ఏ యొక్క డేగను గాని ఇటుకలతో నిర్మించుట యెవ్వరితరమును గాదు. నిర్మింపదగినది డేగయాకృతి మాత్రమే. కావున పదము మొదట ఆకృతినే చెప్పును. ప్రోక్షణాదిక్రియలు ఆకృతియందు సాగవు గనుక, ఆ యాకృతియే తన కాశ్రయమైన వ్యక్తిని వెంట తెచ్చుకొనునని సిద్ధాంతము. 7వ శతాబ్దివాడగు కుమారిలభట్టు ఈ యాకృతియు జాతియు నొక్కటియేయని స్పష్టపఱచి, దాని నింకను దృఢము గావించెను.

ఈ యజ్ఞవాక్యవిచారమే వృత్తిగా గల మీమాంసకులకు జాతిపైన నింత పట్టుదల యేల కలిగెనో గ్రహించుట కష్టము కాదు. వేదము అపౌరుషేయమనియు నిత్యమనియు వారి మతము. నిత్యమైన శబ్దమునకు, పుట్టి గిట్టు వ్యక్తులతో సంబంధము చెప్పినచో, ఆ వ్యక్తి గిట్టినప్పుడు సంబంధమును తెగును. క్రొత్త దూడ పుట్టిన ప్రతిదినమును సంబంధమును క్రొత్తగా కల్పింపవలసి వచ్చును. కల్పించువా డొకడున్నాడనగా వేదమునకు పురుషాపేక్ష వచ్చిపడును. జాతి యర్థమైనచో ఈ చిక్కులేవియు లేవు. ధర్మమునకు ప్రమాణమైన గ్రంథమును కాపాడుకొనవలసిన యవసరమే యిచ్చట అర్థస్వరూపమును నిర్ణయించినది.

ఐనను లోకవ్యవహారమును వారు నిరాకరింపలేదు. వేదమున నక్కడక్కడ కానవచ్చు పికాదిశబ్దములు ఆర్యులలో వాడుక తప్పి మ్లేచ్ఛులలో మాత్రమే ప్రసిద్ధములై యున్నప్పుడు, వాని యర్థమును నిఘంటువులతోను వ్యుత్పత్తులతోను ఊహించుటకంటె, ఆ మ్లేచ్ఛుల వాడుకనుండియే గ్రహించుట మేలని శబరస్వామి నిర్ణయించెను. కుమారిలు డీ ఘట్టముననే దక్షిణదేశపు ద్రావిడభాషను పేర్కొని, అన్నమును చెప్పు పదమును చోరశబ్దముగను, పామును చెప్పు పదమును పాపశబ్దముగను, కడుపును చెప్పు పదమును వైరిశబ్దముగను దిద్ది సంస్కృతార్థములు కల్పించువారిని పరిహసించెను. ఇరుగుపొరుగు భాషలకే యీ గతి పట్టినచో పారసీక, బర్బర, యవన, రౌమకభాషలలో వీరేమి కల్పింతురో యని యాయన యాక్షేపము. ఒక మాట యర్థమును నిర్ణయించు నధికారము ఆ మాటను వాడు జనులదే గాని, దూరమున కూర్చుండి వ్యుత్పత్తి చెప్పు పండితునిది కాదని, వేదమున కంతటి గౌరవమిచ్చిన మీమాంసకుడే చెప్పుట గమనింపదగిన విశేషము.

బాలునకు భాష వచ్చు విధమును గూడ మొట్టమొదట సూక్ష్మముగా పరిశీలించినవారు వీరే. పెద్దవాడొకడు 'గోవును తెమ్ము' అనును. పనివాడు పోయి యొక పశువును తెచ్చును. ప్రక్కనున్న బాలుడు చూచును. పిమ్మట 'గోవును కట్టుము, గుఱ్ఱమును తెమ్ము' అనగా పనివాడు మునుపటి పశువును కట్టి, మఱియొక జంతువును తెచ్చును. మాటలలో నేది తొలగినది, ఏది చేరినది, దానితో చేష్ట యెట్లు మారినదని పోల్చుకొని బాలుడు ఒక్కొక్క పదమునకు అర్థమును వేఱుపఱచుకొనును. ఇంతవఱకు కుమారిలునకును, మీమాంసలో వేఱుమతమును నిలిపిన ప్రభాకరునకును భేదము లేదు. బాలుడు మొదట విన్నది వాక్యమే గాని విడిపదము కాదు గనుక, పదము ఇతరపదార్థములతో కూడిన యర్థమునే చెప్పునని ప్రభాకరుని యన్వితాభిధానవాదము. పదములు తమతమ యర్థములను విడివిడిగా చెప్పి విరమించిన తరువాత ఆ యర్థములే పరస్పరము కలిసి వాక్యార్థమగునని కుమారిలుని యభిహితాన్వయవాదము. వాక్యమే మొదటిదనువారి మార్గమున మఱింత దూరము పోయినవాడు వాక్యపదీయకర్తయగు భర్తృహరి. ఆయన మతమున వాక్యము అఖండము; పదవిభాగము శాస్త్రసౌకర్యమునకై చేసిన కల్పన. అనేకార్థశబ్దమునకు ఒక యర్థము నియతమగుటకు సంయోగము, విప్రయోగము, సాహచర్యము, ప్రకరణము మున్నగు కారణములను ఆయన వరుసగా లెక్కించి చూపెను. సైంధవమును తెమ్మని భోజనవేళ నన్నచో ఉప్పును, ప్రయాణవేళ నన్నచో గుఱ్ఱమును తెత్తురను శాస్త్రప్రసిద్ధమైన యుదాహరణము ఈ ప్రకరణబలమునకే సంబంధించినది.

నైయాయికుని వృత్తి ప్రమాణపరీక్ష. ఆప్తవాక్యము వలన సత్యజ్ఞానము కలుగునని నిరూపించుట యతని పని గాని, శబ్దము నిత్యమని నిలుపుట కాదు. అందుచేత శబ్దార్థసంబంధము స్వాభావికమను మాటను గౌతముని న్యాయసూత్రములు నిర్మొగమాటముగా ఖండించినవి. పదమును వస్తువును నిజముగా అంటియున్నచో అన్నమన్నప్పుడు నోరు నిండవలెను, అగ్ని యన్నప్పుడు కాలవలెను, కత్తి యన్నప్పుడు తెగవలెను, అవేవియు జరుగుటలేదు. పైగా ఒకే మాటను వేఱువేఱు జనులు వేఱువేఱు అర్థములలో వాడుదురు. కాబట్టి సంబంధము సంకేతకృతము. అర్థమేది యన్న ప్రశ్నకు గౌతముడు వ్యక్తియు ఆకృతియు జాతియు మూడును అర్థమేయని చెప్పి, వానిలో జాతి తప్పదనుటకు మట్టితో చేసిన గోవును ఋజువుగా చూపెను. మట్టిగోవునకు వ్యక్తిత్వము కలదు, ఆకృతియు కలదు. ఐనను గోవును తెమ్మన్నచో గాని, దానమిమ్మన్నచో గాని దాని నెవ్వరును తేరు, ఈయరు. దానికి లేనిది జాతి. ప్రసంగమునుబట్టి యీ మూడింటిలో నొకటి ప్రధానమై, తక్కినవి యంగములగును.

ఇంతమంది సమకూర్చిన యీ జాతిని మొదలంట పెఱికివేసినవాడు దిఙ్నాగుడు. 5వ, 6వ శతాబ్దుల సంధికాలమున వెలసిన యీ బౌద్ధతార్కికుడు కాంచీప్రాంతమువాడని సంప్రదాయము. ఆయన హేతువిద్యాగ్రంథమును రచించిన స్థలముగా ఆంధ్రదేశమున వేంగీనగరమునకు నైరృతిదిక్కున నున్న యొక యొంటరికొండను 7వ శతాబ్దమున చీనాయాత్రికుడగు హ్యుయాన్‌త్సాంగు పేర్కొనుటచే, మన నేలకును ఈ చరిత్రలో నొక చోటు లభించినది. లోకమున సత్యమైనది క్షణికమును స్వలక్షణమును అగు వ్యక్తి మాత్రమే యని బౌద్ధుల మతము. కాని వ్యక్తులు అనంతములు. ఒక వ్యక్తితో సంకేతమును నేర్చినవాడు ఆ మాటను మఱియొక వ్యక్తియందు వాడుట పొసగదు. జాతి యన్ననో, అట్టి నిత్యపదార్థము లేనే లేదు. మఱి గోశబ్దము చెప్పునదేమి? గోవు కానివానిని తొలగించుటయే దాని పని యని ప్రమాణసముచ్చయమున దిఙ్నాగుడు ప్రతిపాదించెను, ఇదియే యపోహవాదము. గోవు కానిది తెలియవలెనన్న ముందు గోవు తెలియవలెను గదా యని నైయాయికుడగు ఉద్ద్యోతకరుడును కుమారిలుడును ఆక్షేపించిరి. ఆ చక్రకమునుండి బయటపడుటకు ధర్మకీర్తి మొదలు 11వ శతాబ్దినాటి రత్నకీర్తి వఱకు బౌద్ధులు పెనగులాడిరి. ఆత్మను, నిత్యద్రవ్యమును, జాతిని నిరాకరించిన మతమునకు, భాష మాత్రము వానిని దొడ్డిదారిని లోనికి తేకుండ కావలికాయవలసిన యవసరమున్నది. అపోహవాద మా కావలి.

కావ్యమును పరీక్షించువారికి ఈ సమాధానములలో నొక్కటియు చాలలేదు. 'గంగలో గొల్లపల్లె' యన్నప్పుడు ప్రవాహముమీద పల్లె యుండజాలదు గనుక లక్షణచేత గంగాతీరమను నర్థము వచ్చునని శాస్త్రకారులందఱును చెప్పిరి. కాని గంగాతీరమని తిన్నగా ననక గంగ యని యేల యనవలెను? ఆ పల్లెయొక్క చల్లదనమును పావనత్వమును తోపించుటకు. ఈ తోపించుట ముఖ్యార్థమును చెప్పు అభిధ కాదు, లక్షణయు కాదు. మూడవ వృత్తియగు వ్యంజనయని 9వ శతాబ్దిలో కాశ్మీరదేశమున అవంతివర్మ కాలమువాడగు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున స్థాపించెను. సూర్యు డస్తమించెనను నొక్కమాటనే విని వేదాధ్యాయి సంధ్యావందనమును, పసులకాపరి యిల్లు చేరుటను, అభిసారిక సంకేతస్థలమును తలచుకొందురు. పదములయర్థమంతయు నొక్కటియే, తెలిసినది మాత్రము వేఱువేఱు. ఇదంతయు ననుమానప్రమాణమే యని మహిమభట్టు 11వ శతాబ్దిలో వ్యక్తివివేకమును వ్రాసి యెదిరించెను. మమ్మటుడు కావ్యప్రకాశమున ధ్వనిపక్షమును మరల నిలిపెను. తార్కికులు వ్యంజనను ప్రత్యేకవృత్తిగా నంగీకరింపలేదు. వారి వ్యవహారమున దానితో పనిలేదు. సహృదయుని కది లేక కావ్యమే లేదు.

అర్థనిర్ణయము పైన పొలమును ధనమును ఆధారపడిన వృత్తి మఱియొకటి కలదు: అది ధర్మశాస్త్రము. కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు, సంతానమును భార్యయు లేక మరణించినవాని యాస్తి తల్లిదండ్రులకు చెందునను ఘట్టమున, వారిలో ముందు హక్కు ఎవరిదని విచారించెను. స్మృతిలో నున్నది మాతాపితలను ఇద్దఱిని ఒక్కమాటలో నిమిడ్చిన యేకశేషపదము. ఆ పదమును విప్పి చెప్పునప్పుడు మాతృశబ్దమే ముందు వచ్చును; తండ్రి సవతిబిడ్డలకును సమానుడు గాని తల్లి యట్లు కాదు గనుక ఆమెయే సన్నిహితురాలు; కావున తల్లికే ముందు హక్కని యాయన తీర్చెను. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము తండ్రికే ప్రాథమ్య మిచ్చినది. వైయాకరణులు రెండు చెట్లను గూర్చి చేసిన వివాదమునకు చెందిన పరికరమే యిట్లు వారసత్వమును నిర్ణయించుట కుపయోగపడినది. తిక్కన సమకాలికుడును, ఆయనకు దశకుమారచరిత్రమును కృతి యిచ్చినవాడును అగు మూలఘటిక కేతన 13వ శతాబ్దిలో ఈ మితాక్షరను 'విజ్ఞానేశ్వరీయ'మను పేర తెనిగించెను.

తెలుగుదేశమున శబ్దార్థవిచారము ప్రధానముగా బోధకుల చేతిలోను వ్యాఖ్యాతల చేతిలోను వర్ధిల్లినది. ఓరుగల్లున ప్రతాపరుద్రుని యాశ్రయమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయము అభిధాలక్షణావ్యంజనలను విద్యార్థులకు సుగమము గావించినది. దానికి రత్నాపణవ్యాఖ్య వ్రాసినవాడు కోలాచల మల్లినాథసూరి పుత్రుడగు కుమారస్వామి. దాని ననుసరించియే 16వ శతాబ్దిలో భట్టుమూర్తి తెలుగున నరసభూపాలీయమును రచించెను. మెతుకుసీమకు చెందిన మల్లినాథుడు, కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, అన్వయక్రమముననే సర్వమును వివరింతుననియు, ఆధారము లేనిదియు అక్కఱలేనిదియు వ్రాయననియు ప్రతిజ్ఞ చేసి నెఱవేర్చెను. ఒక పదము ఏ పదము నాకాంక్షించుచున్నదో ప్రశ్నించి, ఆ ప్రశ్నకు బదులుగా రెండవ పదమును తెచ్చు నతని రీతియే, మీమాంసకులు నేర్పిన వాక్యార్థవిచారము పాఠశాలలోనికి దిగివచ్చిన రూపము. కవులు మాత్రము ఆ శాస్త్రమునే తలక్రిందులుగా వాడుకొనిరి: ప్రకరణము ఒక్క యర్థమును నియమించునని శాస్త్రము చెప్పగా, పింగళి సూరన రాఘవపాండవీయమున రెండు ప్రకరణములను ఒక్కమారే నడిపి, ప్రతిపద్యమునకును రామకథాపరముగను భారతకథాపరముగను అర్థము కుదిర్చెను.

తర్కసంగ్రహమును దీపికను రచించిన యన్నంభట్టు తెలుగువాడు. కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడని పండితులలో నొక లోకోక్తియే పుట్టినది. ఈ పదము వలన ఈ యర్థము తెలియవలెనను నీశ్వరసంకేతమే శక్తి యని యాతడు బాలురకు తెలియునట్లు నిర్వచించెను. వాక్యార్థబోధకు ఆకాంక్షయు యోగ్యతయు సన్నిధియు కావలెననియు, గోవు, గుఱ్ఱము, పురుషుడు, ఏనుగు అని వరుసగా పేర్లు చెప్పుటచే ఆకాంక్ష లేక వాక్యము కాదనియు, నిప్పుతో తడుపుమనుటలో యోగ్యత లేదనియు, జాముకొక పదము చొప్పున పలికినచో సన్నిధి లేదనియు ఆ చిన్న పుస్తకమున నేర్చుకొనని శాస్త్రవిద్యార్థి దక్షిణాపథమున లేడనవచ్చును. గోవును తెమ్మన్నచోట తేబడునది వ్యక్తియే గనుక, జాతితో కూడిన వ్యక్తియందే శక్తి యని దీపికలో నాతని తీర్పు. కోనసీమలోని ముంగండ వంశజుడై షాజహాను కొలువున వెలసిన జగన్నాథపండితరాయలు, నవీనతార్కికులు పెంపొందించిన నవ్యన్యాయపరిభాషను అలంకారశాస్త్రమునకు గొనిపోయి, ఉపమాదులలో వాక్యము వలన కలుగు జ్ఞానమును అంగాంగముగా విప్పి రసగంగాధరమున చూపెను.

ఆ నవ్యన్యాయముననే పాతవివాదమున కొక క్రొత్త రూపము వచ్చినది. పదము చూపు వస్తువు వేఱు, ఏ ధర్మము ద్వారమున దానిని చూపుచున్నదో యా ధర్మము వేఱు. ఆ ధర్మమునకు శక్యతావచ్ఛేదకమని పేరు పెట్టిరి. 17వ శతాబ్దిలో నవద్వీపమున గదాధరభట్టాచార్యుడు వ్యుత్పత్తివాదమున నొక విచిత్రమైన ప్రశ్నను చర్చించెను. 'ఘటము నీలము' అన్నచో శ్రోతకు జ్ఞానము కలుగుచున్నది. 'ఘటము ఘటము' అన్నచో నేల కలుగదు? రెండుచోట్లను ఉద్దేశించిన వస్తువును విధించిన వస్తువును ఒక్కటియే; కాని మొదటిదానిలో ఆ వస్తువును చూపు ధర్మములు వేఱు, రెండవదానిలో నవియు నొక్కటియే. అవచ్ఛేదకభేదము లేనిచోట శాబ్దబోధ లేదు. కుందేటికొమ్మువంటి మాటలను గూర్చియు నైయాయికుల సమాధాన మిట్టిదే: అట్టి వస్తువు లేదు గాని, కుందేలును కలదు, కొమ్మును కలదు, లేనిది వాని సంబంధము మాత్రమే. కావున మాటను విడదీసినచో నిరర్థకత తొలగి, అసత్యము మాత్రము మిగులును.

ఇట్టి చిక్కునే యెదుర్కొని, జర్మనీదేశమున యేనా విశ్వవిద్యాలయమున గణితాచార్యుడగు ఫ్రేగె 1892లో ప్రకటించిన వ్యాసమున, ఒక వస్తువు తనతో తానే సమానమనుటలో నూతనజ్ఞానము లేకుండగా, వేగుచుక్కయు సాయంకాలపు చుక్కయు నొకటియే యనుటలో నేల కలదని ప్రశ్నించి, నిర్దేశింపబడిన వస్తువు ఒక్కటియే యైనను అది బుద్ధికి కానవచ్చు రీతి వేఱని సమాధానము చెప్పెను. సమానత్వము పేర్లకు గల సంబంధమని 1879లో తానే ప్రతిపాదించిన మతమును దీనిచే విడిచిపెట్టెను. వాక్యమునుండి విడదీసి పదమున కర్థ మడుగరాదని 1884లోనే యాతడు చేసిన నియమము అన్వితాభిధానవాదులకు వింతగా తోచియుండదు. 1905లో ఆంగ్లతత్త్వజ్ఞుడగు రస్సెలు, రాజు లేని ఫ్రాన్సుదేశమునకు 'ఇప్పటి రాజు బట్టతలవాడు' అను వాక్యమును తీసికొని, ఆ పదబంధమును విడదీసి, అట్టివా డొకడున్నాడను నంశమునే యసత్యముగా తేల్చినప్పుడు, కుందేటికొమ్మును విడదీసిన నైయాయికుని మార్గమునకు సమీపముగనే నడచెను.

ఈ పోలికను చూచి, అంతయు మనవారే ముందు చెప్పిరని యుప్పొంగుట వ్యర్థము. భేదమునందే యెక్కువ పాఠమున్నది. ఫ్రేగెకు కావలసినది గణితసత్యము. అది వినువానియందును చెప్పువానియందును ఆధారపడరాదు. అందుచేత నాతడు వస్తువునకును మనస్సునకును వెలుపల, అందఱికిని సమానముగా నుండు నొక మూడవ పదార్థముగా నర్థమును నిలిపెను. నైయాయికునకు కావలసినది వాక్యమును విన్నవానియందు ప్రమాజ్ఞానము పుట్టుట. అతడు శ్రోత బుద్ధిలో కలిగిన జ్ఞానమును విశ్లేషించెను గాని మూడవ పదార్థమును కోరలేదు. ప్రశ్న యొక్కటియే, తెలివియు సమానమే; సమాధానములను వేఱుచేసినవి వారి వారి పనులు.

19వ శతాబ్దమునను, అటుతరువాతను విజయనగరసంస్కృతకళాశాలవంటి చోట్లను, సంస్థానముల దసరాసభలలోను శబ్దార్థవాదములు మహావైభవముగ సాగినవి; తాతా సుబ్బరాయశాస్త్రిగారివంటి మహామహోపాధ్యాయులు ఆ విద్య కలంకారమై యుండిరి. కాని యజ్ఞశాలలు విరళములై, బౌద్ధప్రతివాదులు కనుమఱుగై, న్యాయస్థానముల భాష మాఱిపోయిన యా కాలమున, వాదము బుద్ధిబలమునకు పరీక్షగా మిగిలినదేగాని క్రొత్త సిద్ధాంతమును కనలేదు. పాండిత్యము తగ్గుట దానికి కారణము కాదు. ఆ పాండిత్యమును ప్రశ్నించి యడ్డగించు పని లేకపోవుట కారణము. కనుక గోశబ్దమున కర్థము జాతియా వ్యక్తియా యని నేడెవ్వరైన నడిగినచో, ఆ మాటతో మీరేమి చేయబోవుచున్నారని మొదట నడుగుటయే శాస్త్రసమ్మతమైన ప్రత్యుత్తరము. యజమానునకును, వైయాకరణునకును, కవికిని, న్యాయాధిపతికిని, గణితజ్ఞునకును ఒక్క యర్థసిద్ధాంతము చాలునని తలచినవారు ఎవ్వరికిని చాలినదానిని చెప్పజాలకపోయిరి. తమ పనికి చాలినదానిని మాత్రము నిష్ఠతో వెదకినవారి మాటలే యింతకాలము నిలిచినవి.